చూసి ఊరుకున్న పదకొండు పేజీలు

ప్రెస్సులో నా చివరి రోజుల గురించి ఎవరైనా అడిగితే నేను మామూలుగా మెషీన్ల గురించి చెప్తాను. మెషీన్లు తిరిగి మాట్లాడవు, మన సంగతి బయటపెట్టవు. ఈసారి మాత్రం ఒక అమ్మాయి గురించి, ఆమెను చూసి నేను ఎంతలా కుళ్ళుకున్నానో ఆ సంగతి గురించి రాస్తున్నాను. డీటీపీ నేర్చుకుంటున్న పిల్లలు కొందరు దీన్ని చదువుతారని తెలుసు. మీకు పనికొచ్చే విద్య ఇందులో గోరంత ఉంటుంది. మిగిలిందంతా నా బుద్ధి. అది పాతబస్తీలో పత్తర్‌గట్టి బజారు వెనక గల్లీ అంత పొడుగు, అంత ఇరుకు.

మా ప్రెస్సు ఆ గల్లీలోనే ఉండేది. కింద మెషీన్లు, పైన కంప్యూటర్లు. పెళ్ళి పత్రికలు, స్కూలు డైరీలు, దవాఖానా కరపత్రాలు, అన్నీ తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింట్లో చేసేవాళ్ళం. నాకు ఉర్దూ నేర్పింది బడి కాదు. ప్రెస్సులో కలంతో అక్షరాలు రాసే కాతిబు ఒకాయన ఉండేవాడు. కంప్యూటరు వచ్చాక ఆయన పని పోయింది, ఆయన చెప్పిన చదువు నా దగ్గర ఉండిపోయింది. అందువల్ల రెండు లిపులూ చదవగలిగినవాడిని ఆ మేడ మీద నేనొక్కడినే. ఆ ఒక్కడినే అన్న మాటను నేను చాలా ఏళ్ళు చొక్కా జేబులో పెన్నులా పెట్టుకుని తిరిగాను.

మా ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. ప్రూఫు కాగితం చేతులు మారి మారి చివరికి నా బల్ల మీదికి వచ్చేది. నేను పచ్చ సిరాతో మూలన ‘చూసితిని’ అని రాసి సంతకం పెట్టేదాకా అచ్చు ప్లేటు తయారయ్యేది కాదు. తర్వాత తప్పు బయటపడితే టైపు చేసినవాడిని ఎవరూ అనరు, ఆఖరి సంతకం ఎవరిదో వాడే అనిపించుకోవాలి. అనిపించుకోవడం కష్టమే కానీ, ఆ సంతకం కోసం కింద మెషీన్లు ఆగి ఉండటం ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

ఆ హాయి మీదికి ఒక ఆరోగ్య కేంద్రం పుస్తకం వచ్చి పడింది. షుగరు వల్ల చూపు పోయినవాళ్ళకోసం చిన్న పుస్తకం. ఇన్సులిన్ సొంతంగా ఎలా తీసుకోవాలి, పాదాలు ఎలా కాపాడుకోవాలి, మూడు భాషల్లో.

“చూపు లేనోళ్లకు పుస్తకం ఏంది సేఠ్?” అన్నాను మా యజమానితో. తాతల కాలం నుంచి ఆ గల్లీలోనే వ్యాపారం చేస్తున్న కుటుంబం ఆయనది.

“అచ్చు ఇంటోళ్లకు, ఫైల్ ఆళ్లకు. పీడీఎఫ్ ఇస్తే ఫోన్ సదివి వినిపిస్తదంట. నువ్వు పేజీలు పెట్టు మాస్టర్, గంతే.”

నేను పేజీలు పెట్టడంలో నాకొక క్రమం ఉంది. ముందు అంచు గీతలు, తర్వాత పేజీ నంబరు, తర్వాత బొమ్మలు, వాటి కింద మాటలు, ఆపైన శీర్షికలు, అన్నిటికన్నా చివర అసలు విషయం. గోడలకు సున్నం వేశాకే కదా సామాను లోపలికి తెస్తాం. కంటికి ఆ పేజీ ముత్యంలా ఉంటుంది. సేఠ్ ఆ ఫైలును ఫోన్లో పెట్టి చదివించాడు. ఫోను గొంతు సవరించుకుని, “పన్నెండు. బొమ్మ మూడు. కుడి పాదం. బొమ్మ నాలుగు. ఎడమ పాదం. ఎప్పుడు కడుక్కోవాలి,” అని ఆగి, ఎప్పుడు కడుక్కోవాలో మాత్రం చెప్పకుండా ఇంకో శీర్షిక అందుకుంది. నేను వస్తువులను ఏ వరసలో పేజీలోకి తెచ్చానో అదే వరసలో అప్పజెప్తోందన్నమాట. ఇన్నేళ్ళుగా ప్రెస్సుకు వచ్చే ఆర్డర్లన్నీ తెలిసిన నాకు రీడింగ్ ఆర్డర్ అనేది ఒకటి ఉంటుందని ఆ రోజే తెలిసింది.

అప్పుడు ఆ అమ్మాయి లేచి వచ్చింది. కంప్యూటర్ల దగ్గర పనికి చేరి నాలుగు నెలలు కాలేదు. ఆమెదీ ఛత్రినాకే, ఇద్దరిదీ ఒకే బస్సు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి ఆమెకు టికెట్టు అక్కర్లేదు, కూర్చోవడానికి సీటు కూడా దొరికేది. నేను టికెట్టు కొనుక్కుని ఊచ పట్టుకుని నిలబడి, ఆమె నెత్తి మీదుగా కిటికీ చూస్తూ వచ్చేవాడిని. ఆమె లేచి “కూసుండ్రి అంకుల్” అనేది. అది ఇంకా కష్టంగా ఉండేది.

“ఒకసారి ఇటు సూడుండ్రి,” అని ఫైలును పీడీఎఫ్ దిద్దే సాఫ్ట్‌వేరులో తెరిచింది. ఎక్కడో నొక్కితే పేజీలోని ఒక్కొక్క ముక్క చుట్టూ బూడిదరంగు డబ్బా వచ్చింది, ప్రతి డబ్బా మూలన ఒక నంబరు. “పేజీ మీద ప్లేసు వేరే, సదివే నంబరు వేరే అంకుల్. మీరు ముందు పెట్టిన పేజీ నంబరుకు ఒకటి పడ్డది, అసలు మ్యాటర్‌కు పద్నాలుగు. గీ నంబర్లు మార్సితే పేజీ కండ్లకు గట్లనే ఉంటది. సదువుడు మాత్రం మారుతది.”

సెట్టింగుల్లోకి వెళ్ళి ‘ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి’ అన్నదాన్ని ఎంచి ఫైలంతటికీ పెట్టింది. అక్కడక్కడ రెండు మూడు డబ్బాలను చేత్తో సర్దింది. నేను టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు ఫోను అదే పేజీని ఒద్దికగా చదివింది.

“వాహ్ బేటా,” అన్నాడు సేఠ్.

ఆ ప్రెస్సులో నా పనికి ఆయన నోటి నుంచి వచ్చిన మాటలన్నీ నాకు గుర్తు. “ఠీక్ ఉంది.” “ఠీకే ఉంది.” ఒకసారి, పండగ పూట, “బరాబర్.” వాహ్ మాత్రం లేదు.

ఆ రోజు నుంచి నాకు వేరే పని లేకుండా పోయింది. ఆమె కుర్చీకి చక్రాలున్నాయి, నాదానికి ఒక కాలు కింద అట్టముక్క ఉంది. ఆమె తెర పెద్దది. చాయ్ తెచ్చేవాడు ఆమెకు చక్కెర తక్కువ అని గుర్తు పెట్టుకున్నాడు, నాకు చక్కెర వద్దని ముప్పై ఏళ్ళుగా చెప్తున్నాను. సేఠ్ మెట్లెక్కి వస్తే ఇదివరకు నా బల్ల వైపు తిరిగేవాడు, ఇప్పుడు ఆమె బల్ల వైపు తిరిగి, తర్వాత గుర్తొచ్చి నా వైపు తిరిగేవాడు. ఆమె వైపు తిరగడానికీ నేను గుర్తురావడానికీ మధ్య ఉండే క్షణాన్ని నేను రోజూ కొలిచేవాడిని.

ఒక రోజు ఆయనే తేల్చి చెప్పాడు. “సూడు మాస్టర్, కాయితం పని తగ్గుతుంది, ఫైల్ పని పెరుగుతుంది. ఫైల్ సమజైనోళ్లే ఆఖరు దస్కత్ పెట్టాలె. గీ పుస్తకం బయటికి పోనీ. ఎవరి పని నిలబడ్డదో సూసి, దస్కత్ ఆళ్లకే ఇస్తా.”

నేను తల ఊపాను. జేబులో పచ్చ సిరా పెన్నును తడిమి చూసుకున్నాను.

తెలుగు, ఇంగ్లీషు పేజీలు అయ్యాయి. చివర ఉర్దూ పేజీలు, పదకొండు. అవి కట్టింది నేనే, ఒక్కో పేజీలో రెండు నిలువు వరసలు. వాటి ఫైలు, ప్రూఫు కాగితాలు పట్టుకుని ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

“అంకుల్, తెలుగు పేజీలకు పెట్టినట్టే వీటికీ పెట్టిన. ఉర్దూ నాకు ఒక్క అక్షరం రాదు. ఒకసారి మీరు సూసి దస్కత్ పెడితే నాకు ఫికర్ లేదు.”

“అట్ల పెట్టి పో,” అన్నాను.

ఆమె భోజనానికి వెళ్ళగానే ఫైలు తెరిచాను. బూడిదరంగు డబ్బాలు తెప్పించడం ఆమెను దొంగచాటుగా చూసి నేర్చుకున్నాను. మొదటి పేజీ చూశాను. ఎడమ వరసకు ఒకటి, కుడి వరసకు రెండు. రెండో పేజీ అంతే. పదకొండూ అంతే. ఉర్దూ పేజీ కుడి వైపు మొదలవుతుంది. కుడి వరస అయ్యాకే ఎడమ వరస. ఆమె ఫైలంతటికీ ఒకే సెట్టింగు పెట్టింది కాబట్టి ఫోను ఆ పేజీలను వెనక సగం ముందు, ముందు సగం వెనక చదువుతుంది. అక్షరం కూడా తప్పు పోదు, కాగితం మీద ఏమీ కనబడదు. వింటే తప్ప తెలియదు.

నాకు కలిగింది కోపం కాదు, బాధా కాదు. సంతోషం. ఇంత చదువూ, చక్రాలున్న ఆఫీసు కుర్చీ ఉండి, ఇది తట్టలేదా అని. లేచి వెళ్ళి చెప్పాలి. లేచాను కూడా. మంచినీళ్ళు తాగి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నాకు ఇచ్చింది ప్రూఫు కాగితం, కాగితం మీద తప్పు లేదు, కాగితానికే కదా నా సంతకం, అని నాకు నేనే వాదించుకుని గెలిచాను. పదకొండు సార్లు పచ్చ సిరాతో ‘చూసితిని’ అని రాశాను. నిజమే, చూశాను.

తర్వాత నాలుగు రోజులు నేను ఎంత మంచివాడిగా ఉన్నానో చెప్తే నవ్వుతారు. ఆమెకు మిర్చి బజ్జీలు తెప్పించాను. ఆమె కీబోర్డు మీద దుమ్ము దులిపాను. కింద మెషీను నడిపే మనిషి మెట్ల దగ్గర నన్ను ఆపాడు.

“ఏందన్నా, మస్తు ఖుష్‌గ ఉన్నవ్? బిడ్డ సంబంధం గిట్ల కుదిరిందా?”

“నాకు ఆడపిల్లలు ఎక్కడున్నరే, ఇద్దరూ కొడుకులాయె.”

“మరి గా నవ్వేంది?”

“ఊకనే.”

“ఊకనే నవ్వేటోడివి కాదే నువ్వు,” అని ఆయన మళ్ళీ మెషీను దగ్గరికి పోయాడు. కాగితం ఎక్కడ ఇరుక్కుందో చప్పుడు విని చెప్పగల మనిషి. నాలో ఏదో ఇరుక్కుందని ఆయనకు తెలిసిపోయిందేమోనని ఆ పూటంతా మెట్లు దిగలేదు.

ఫైలు విని చూడటానికి ఆరోగ్య కేంద్రం వాళ్ళు ఒక పెద్దాయనను పంపారు. కార్వాన్‌లో షేర్వానీలు కుట్టిన దర్జీ. షుగరుతో రెండు కళ్ళూ పోయాయి. ఇన్సులిన్ తానే తీసుకుంటాడు, మందు పెన్ను తిప్పినప్పుడు వచ్చే టక్కు టక్కు చప్పుళ్ళు లెక్కబెట్టుకుని. ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేతి వేళ్ళ మీద మెట్లు లెక్కబెట్టుకుంటూ పైకి వచ్చాడు. ఆ అమ్మాయి కుర్చీ వేసింది, ఫోను పక్కన పెట్టింది. సేఠ్, నేను నిలబడ్డాం.

తెలుగు పేజీలు విన్నాడు. “మంచిగుంది,” అన్నాడు తెలుగులోనే. ఇంగ్లీషు వద్దన్నాడు. “ఇప్పుడు మా జబాన్ పెట్టు బేటా.”

ఫోను ఉర్దూ మొదలుపెట్టింది. చర్మాన్ని వేళ్ళతో పట్టండి. సూది నిటారుగా గుచ్చండి. బటన్ నొక్కి, పది లెక్కబెట్టి తీయండి. సూదిని డబ్బాలో పడేయండి. పెద్దాయన తల వింటూ ఊగింది, ఆగింది. ఫోను సాగిపోతోంది. ముందుగా చేతులు కడుక్కోండి. మందు సరైనదో కాదో ఇంట్లోవాళ్ళను అడగండి. డాక్టరు చెప్పినన్ని టక్కులు తిప్పండి.

“క్యా మియా,” అన్నాడాయన. “పహ్లే సూయీ, బాద్ మే హాథ్ ధోనా?” ముందు సూదా, తర్వాత చేతులు కడుక్కోవడమా అని. మొదట నవ్వాడు. తర్వాత నవ్వు లేకుండా తెలుగులోకి వచ్చాడు. “నేనంటే పాతోన్ని, నాకు తెలుసు. నిన్న మొన్న కండ్లు పోయినోడు ఉంటడు. ఇది ఇట్లనే వింటడు, ఇట్లనే చేస్తడు. ఖాళీ సూది గుచ్చుకుంటడు, తర్వాత మందు తిప్పి మళ్ల గుచ్చుకుంటడు. ఇచ్చిండో లేదో, ఒకసారో రెండుసార్లో, ఎవల్ని అడగాలె?”

సేఠ్ అమ్మాయి వైపు తిరిగాడు. ఈసారి వాహ్ లేదు. “ఏంది బేటా ఇది?”

ఆమె ఫైలు తెరిచింది. వేలితో తెర మీద కుడి నుంచి ఎడమకు ఒకసారి గీసుకుంది. “తప్పు నాదే సేఠ్. తెలుగుకు పెట్టిందే పెట్టిన. ఉర్దూ కుడి దిక్కు నుంచి అన్నది నాకు తట్టాలె.”

సేఠ్ నా ప్రూఫు కాగితాలు తీసి చూశాడు. పచ్చ సంతకాలు పదకొండూ ఉన్నాయి. “మాస్టర్ కాయితం సూసిండు. కాయితం బరాబర్ ఉంది,” అన్నాడు, నాలుగు రోజుల కింద నేను చేసిన వాదననే నా తరఫున చేస్తూ. “ఫైల్ తప్పు ఫైల్ చేసినోళ్లది. పోనీ తీ. ఆఖరు దస్కత్ మాస్టర్ తోనే ఉండనీ.”

గెలిచాను. ఇంత తేలిగ్గా గెలుస్తానని నేనే అనుకోలేదు. అమ్మాయి తల దించుకుని మౌస్ తీగను వేలికి చుట్టుకుంటోంది. ఫైలు అంకుల్‌కు చూపించానని ఆమె అనలేదు. ఆ మాట అని ఉంటే నేను ఎదురు వాదించేవాడిని, వాదన నా దగ్గర సిద్ధంగానే ఉంది.

పెద్దాయన మొహం ఎవరి వైపూ కాకుండా, కూలరు గాలి వచ్చే దిక్కుకు పెట్టి అడిగాడు. “ఉర్దూ పఢ్నేవాలా కోయీ నహీ క్యా యహా?” ఇక్కడ ఉర్దూ చదివేవాళ్ళే లేరా అని.

ఎవరినీ అనుమానించి అడిగింది కాదు. లేరంటే తానే కూర్చుని సరిచేయిద్దామని అడిగినట్టుంది. సేఠ్ నా వైపు చూశాడు. అమ్మాయి చూడలేదు.

“ఉన్న,” అన్నాను. “నేను చదువుతా.”

“మరి ఇది విన్లేదా?” అన్నాడు పెద్దాయన.

“వినలే. చూసిన.”

“చూస్తే ఏం కనబడ్డది?”

ఇక్కడ కాగితం అని ఉంటే సరిపోయేది. సేఠ్ ఆ మాటను నా కోసం తయారుగా పెట్టి ఉంచాడు కూడా. కానీ పెద్దాయన తల కొద్దిగా వంచి, ఫోను మాట విన్నట్టే నా మాట వింటున్నాడు. ఏ ముక్క ముందు వస్తుందో, ఏది వెనక వస్తుందో కనిపెట్టే చెవి అది.

“ఫైల్ తెరిచిన,” అన్నాను. “ఎడమకు ఒకటి, కుడికి రెండు ఉండె. తప్పని తెలిసింది. చెప్పలే. ఊకున్న.”

సేఠ్ చేతిలోని ప్రూఫు కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. ఎందుకు ఊరుకున్నావని పెద్దాయన అడుగుతాడని చూశాను. అడిగితే ఏం చెప్పాలి, కుర్చీకి చక్రాలున్నాయనా? ఆయన అడగలేదు. చేత్తో తడిమి తన పక్కనున్న స్టూలును ముందుకు తోశాడు.

“అచ్ఛా. తో అబ్ బోలో. పహ్లా కౌన్‌సా?” సరే, ఇప్పుడు చెప్పు, మొదటిది ఏది?

స్టూలు మీద ఆమె పక్కన కూర్చున్నాను. “కుడి దిక్కుది ఒకటి,” అన్నాను. ఆమె మార్చింది. “ఎడమది రెండు. కింద బొమ్మ మాట మూడు.” పేజీ అవగానే ఫోను చదివేది, పెద్దాయన వినేవాడు, వేలు ఎత్తితే తర్వాతి పేజీ. అయిదో పేజీలో నేను చెప్పింది కూడా తప్పైంది, ఆయనే పట్టుకున్నాడు. పదకొండు పేజీలకు గంట కూడా పట్టలేదు. అంతసేపూ ఆమె నాతో “తర్వాతది” అన్న మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు. చివరి పేజీ భద్రం చేశాక మాత్రం తెర వైపే చూస్తూ అంది.

“ఆ రోజే చెప్తే, నన్ను తిట్టుకుంట చెప్పినా మంచిగుంటుండె అంకుల్. మీరు తిడితే నేనేం అనకపోతుంటి.”

పెద్దాయన లేచాడు. “షుక్రియా బేటా,” అన్నాడు ఆమెతో. నాతో ఏమీ అనలేదు. నిజం ఒప్పుకున్నందుకు నాక్కూడా ఒకటి ఇస్తాడేమోనని చూస్తూ నిలబడ్డాను. ఇవ్వలేదు. గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. అంత జరిగాక కూడా ఆ షుక్రియా ఆమె ఒక్కదానికే వెళ్ళినందుకు నేను కుళ్ళుకున్నాను. ఇది రాయకుండా వదిలేస్తే ఇప్పటిదాకా రాసిందంతా దండగ.

మర్నాడు సేఠ్ నన్ను పిలిచాడు. కేకలు వేస్తాడనుకున్నాను. “నీ కండ్లల్ల ఏం ఖరాబు లేదు మాస్టర్,” అన్నాడు. “గదే నా బాధ.” ఆఖరి సంతకం అమ్మాయికి ఇచ్చాడు. ఆమె పచ్చ సిరా తీసుకోలేదు, తన నీలం పెన్నుతోనే పెడతానంది.

ఆ తర్వాత రెండేళ్ళు పనిచేశాను. అసూయ పోయిందని చెప్పి మీకు మంచి ముగింపు ఇవ్వాలని ఉంది, కానీ పోలేదు. ఆమె ఫైళ్ళలో తప్పు కోసం అంతకుముందు ఎంత వెతికానో తర్వాతా అంతే వెతికాను. దొరికితే మాత్రం దాచుకోకుండా, ఆమె కుర్చీ దాకా నడిచి వెళ్ళి చెప్పేవాడిని. మొదట్లో ఆమె నన్ను నమ్మక, నేను చెప్పింది ఫోన్లో విని, అప్పుడు మార్చేది. అది న్యాయమే. కొన్ని నెలలకు వినకుండానే మార్చడం మొదలుపెట్టింది. ఉర్దూ పేజీలొస్తే ఇయర్‌ఫోన్లు నా బల్ల మీద పెట్టి పోయేది. నేను కళ్ళు మూసుకుని వినడం నేర్చుకున్నాను. కళ్ళు తెరిస్తే పేజీ అందంగా కనబడి మోసం చేస్తుంది.

రిటైరైన రోజు పొద్దున్నే కూర్చుని ఆమె చేసిన మదరసా క్యాలెండరు ఫైలు మొత్తం విన్నాను, చివరిసారి ఒక్క తప్పన్నా పట్టుకుని పోదామని. భోజనం వేళ దాకా విన్నాను, ఒక్కటీ దొరకలేదు. ఆమె వచ్చి “ఏమన్న ఉందా అంకుల్?” అని అడిగింది.

“లేదు,” అన్నాను. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డానో ఆమెకు తెలియదు.

ఆమె కాగితం నా ముందే తీసుకుని, నీలం సిరాతో సంతకం పెట్టి, కిందికి పంపింది. మెషీను వెంటనే మొదలైంది.